గ్రేడింగ్ అయిన మామూలు వెండి డాలర్‌కు అసలు గిరాకీ ఎంత? మీరే లెక్కగట్టే పద్ధతి

"పీసీజీఎస్ ధరల పట్టికలో నా మోర్గాన్ డాలర్‌కు ఒక రేటు ఉంది. షాపుకు తీసుకెళ్తే అందులో మూడింట రెండొంతులు కూడా ఇవ్వనంటున్నారు. మోసం చేస్తున్నారా?"

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. రెండో ప్రశ్న: "ఎంఎస్ 65 అని ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి ఉంది కదా, ఇంకా అరుదు కాకపోవడమేంటి?" పీసీజీఎస్, ఎన్‌జీసీ అనేవి నాణేల స్థితి చూసి గ్రేడు ఇచ్చే కంపెనీలు. ఎంఎస్ అంటే వాడకంలో అరగని నాణెం, పక్కన అంకె పెరిగేకొద్దీ స్థితి మెరుగు. రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. గ్రేడు నాణెం ఏ స్థితిలో ఉందో చెబుతుంది. దాన్ని కొనేవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పదు. ధరల పట్టిక కూడా గిరాకీని చూపించదు. గత మూడు నెలల్లో నిజంగా డబ్బు చేతులు మారిన అమ్మకాల్లోనే గిరాకీ కనబడుతుంది. దాన్ని మీ అంతట మీరు కొలిచే పద్ధతి ఇది. కొనేముందైనా, అమ్మేముందైనా పనికొస్తుంది.

ఇక్కడ చెప్పేది రెండు రకాల నాణేల గురించి. మొదటిది మోర్గాన్ డాలర్: 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో ముద్రించారు. రెండోది పీస్ డాలర్: 1921 నుంచి 1928 దాకా, తర్వాత 1934, 1935లో. రెండింటి బరువూ 26.73 గ్రాములే, రెండింట్లోనూ 90 శాతం వెండే. 2021 నుంచి అమెరికా టంకశాల అవే బొమ్మలతో కొత్తవి తెచ్చింది. వాటి మార్కెట్ వేరు, వాటిని ఈ లెక్కలోకి తేకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- నాణెం ఉన్న స్లాబ్, అంటే గ్రేడింగ్ కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బా. కొనబోయేదైతే దాని రెండు వైపుల స్పష్టమైన ఫొటోలు, సర్టిఫికెట్ నంబరు.
- పీసీజీఎస్, ఎన్‌జీసీ యాప్‌లు ఉన్న ఫోన్.
- 5 నుంచి 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒకే బల్బున్న టేబుల్ ల్యాంప్. గది ట్యూబ్‌లైట్ కింద నాణెం మీది గీతలు సరిగా కనిపించవు.
- ఈబే ఖాతా, హెరిటేజ్, గ్రేట్‌కలెక్షన్స్ వేలం సైట్లలో ఖాతాలు. రెండు వేలం సైట్లలోనూ ఉచితంగానే తెరవొచ్చు. పాత అమ్మకాల ధరలు చూడటానికి ఇవి కావాలి.
- ఆ రోజు వెండి ధర, ట్రాయ్ ఔన్సుకు డాలర్లలో.
- గూగుల్ షీట్ గానీ, గీతల పుస్తకం గానీ.

గ్రేషీట్ చందా ఉంటే మంచిది. డీలర్లు తమలో తాము కొనుక్కునే హోల్‌సేల్ రేట్లు అందులో ఉంటాయి, 1963 నుంచి వస్తోంది. ఒకటి రెండు నాణేల కోసం చందా కట్టనక్కర్లేదు. 8వ అంచెలో దానికి బదులు చేసే పని చెబుతాను.

1. నాణెం పూర్తి పేరు రాసుకోండి

సంవత్సరం, టంకశాల గుర్తు, గ్రేడు, గ్రేడింగ్ కంపెనీ, లేబుల్ మీద ఇంకేమైనా అక్షరాలుంటే అవి. ఈ ఐదూ కలిస్తేనే పేరు పూర్తి.

మోర్గాన్‌కు టంకశాల గుర్తు బొరుసు వైపు ఉంటుంది. కింద ఆకుల దండ ముడి ఉంటుంది కదా, ఆ ముడికి కిందనే. ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లీన్స్, సీసీ అంటే నెవాడాలోని కార్సన్ సిటీ. డి అంటే డెన్వర్, మోర్గాన్లలో ఇది 1921లో మాత్రమే. గుర్తు లేకపోతే ఫిలడెల్ఫియా. పీస్ డాలర్‌కు గుర్తు బొరుసు వైపే, గద్ద రెక్కల కొస దగ్గర చిన్నగా ఉంటుంది.

గ్రేడు పక్కన పీఎల్, డీఎంపీఎల్, డీపీఎల్ అని ఉంటే అద్దంలా మెరిసే నాణెమని అర్థం. దాని గిరాకీ వేరే. "డీటెయిల్స్" అని ఉంటే తోమడమో, గీకడమో, మరేదో దెబ్బో ఉందని కంపెనీయే చెబుతోంది. మామూలు ఎంఎస్ నాణేల ధరలతో దాన్ని పోల్చకండి.

2. స్లాబ్ అసలుదేనా చూడండి

నకిలీ స్లాబులు ఉన్నాయి. నకిలీ నాణెం, నకిలీ ప్లాస్టిక్, దాని మీద ఎవరిదో అసలు నాణెం సర్టిఫికెట్ నంబరు. అందుకే నంబరు యాప్‌లో దొరికినంత మాత్రాన సరిపోదు. యాప్‌లో ఫొటో ఉంటే మీ నాణెంతో పోల్చండి. బొమ్మ వైపున్న స్త్రీ చెంప మీది మచ్చలు, గీతలు అచ్చంగా అవే చోట్ల ఉండాలి. ఇటీవలి పీసీజీఎస్ స్లాబుల్లో చిప్ ఉంటుంది, ఫోన్ ఆనిస్తే వివరాలు వస్తాయి.

పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టాయి. మార్కెట్ ఎక్కువగా నమ్మేది ఈ రెంటినే. 2023లో సీఏసీ కూడా గ్రేడింగ్ మొదలుపెట్టింది, దానికీ మంచి పేరుంది. ఎవరూ వినని కంపెనీ స్లాబులో "ఎంఎస్ 67" అని ఉంటే ఆ అంకె మర్చిపోండి. డబ్బాలేని నాణెం కింద లెక్కేసుకోండి. డబ్బాలేనిదాన్ని ఈ వ్యాపారంలో రా నాణెం అంటారు.

3. తూకం ధర కట్టండి

ఒక్కో డాలర్‌లో 0.7734 ట్రాయ్ ఔన్సుల వెండి ఉంటుంది. ఆ రోజు వెండి ధరను దీంతో గుణించండి. ఔన్సు 40 డాలర్లు అనుకుంటే తూకం ధర 30 డాలర్ల 94 సెంట్లు.

ఇది మీ షీటులో మొదటి గడి. నాణెం ధరలోంచి దీన్ని తీసేస్తే మిగిలేదే సేకర్తలు ఇస్తున్న అదనం. నగల షాపులో బంగారం రేటు పోను తరుగు, మజూరీ ఎంతో చూస్తాం కదా, ఇక్కడ కూడా చూడాల్సింది ఆ పై మొత్తాన్నే. సేకర్తల గిరాకీ అంతా ఆ అదనంలోనే ఉంటుంది.

4. మీది నిజంగా "మామూలు" నాణెమేనా తేల్చుకోండి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఈ అంచెలోనే. ముద్రించిన సంఖ్య తక్కువైతే అరుదు, ఎక్కువైతే మామూలు అనుకుంటారు. వెండి డాలర్ల విషయంలో ఈ సూత్రం పనిచేయదు.

అమెరికా ఇన్ని డాలర్లు ముద్రించింది వాడకం కోసం కాదు, గనుల యజమానుల ఒత్తిడితో వచ్చిన 1878, 1890 నాటి చట్టాల ప్రకారం వెండి కొనాల్సి రావడం వల్ల. వాడకంలోకి రానివి వెయ్యేసి నాణేల సంచుల్లో ఖజానాలో పడి ఉన్నాయి. 1918 పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా డాలర్లను కరిగించారు. అందులో దాదాపు 26 కోట్ల నాణేల వెండిని బ్రిటన్‌కు అమ్మారు, అది ఇండియాకే వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఇక్కడ జనం నోట్లు వద్దు, వెండి రూపాయలే ఇవ్వమంటుంటే సర్కారుకు వెండి కొరత వచ్చింది. మన ముత్తాతల చేతుల్లో తిరిగిన ఐదో జార్జి రూపాయల్లో కొన్ని ఒకప్పటి మోర్గాన్ డాలర్లే అయి ఉంటాయి.

ఏ సంవత్సరానివి ఎన్ని కరిగించారో లెక్క రాయలేదు. అందుకే ముద్రణ సంఖ్య చూసి ఏమీ చెప్పలేం. మిగిలిన సంచులు 1960ల్లో బయటకొచ్చాయి. 1903-ఓ నాణెం అప్పటిదాకా కొత్తది కంటికి కనబడటమే గగనం. 1962 చివర్లో ఖజానా నుంచి దాని సంచులు రాగానే ధర కుప్పకూలింది.

ఈ రెండూ పోల్చి చూడండి:

1884-సీసీ: ముద్రించినవి 11 లక్షల 36 వేలు. వాటిలో 9 లక్షల 60 వేలకు పైగా ఖజానాలోనే మిగిలిపోయి, 1972 తర్వాత ప్రభుత్వం అమ్మకానికి పెట్టినప్పుడు బయటకొచ్చాయి. అంటే ముద్రణ తక్కువ, కొత్త స్థితిలో దొరికేవి బోలెడు.

1884-ఎస్: ముద్రించినవి 32 లక్షలు. మిగిలినవి దాదాపు అన్నీ చేతులు మారి అరిగిపోయినవే. అరిగినది చవకగా దొరుకుతుంది. అరగని ఎంఎస్ నాణెం మాత్రం చాలా ఖరీదు.

మరి 1884-సీసీ అంత విరివిగా ఉంటే చవకగా ఉండాలి కదా? ఉండదు. ఆ రెండు అక్షరాల కోసం ఎగబడే సేకర్తలు చాలా ఎక్కువమంది. కార్సన్ సిటీ, గనుల ఊళ్ళు, పాత పడమటి అమెరికా కథలన్నీ ఆ గుర్తుతో ముడిపడి ఉన్నాయి. సంఖ్య ఎక్కువున్నా గిరాకీ దాన్ని మించవచ్చని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

మీ నాణెం కింది జాబితాలో ఉంటే, గ్రేడు ఎంఎస్ 65 లోపు అయితే, అది మామూలు నాణెమే:

- మోర్గాన్: 1879-ఎస్, 1880-ఎస్, 1881-ఎస్, 1882-ఎస్, 1883-ఓ, 1884-ఓ, 1885, 1885-ఓ, 1886, 1887, 1904-ఓ, 1921.
- పీస్: 1922, 1923, 1925. మూడూ ఫిలడెల్ఫియావి.

డీలర్లు వీటిని "జెనరిక్" అంటారు. ఏది ఏ సంవత్సరానిదన్న పట్టింపు లేకుండా గ్రేడును బట్టి ఒకే రేటుకు కొని అమ్మే సరుకని అర్థం.

ఒక్క 1881-ఎస్‌నే పీసీజీఎస్, ఎన్‌జీసీ కలిపి లక్షకు పైగా సార్లు గ్రేడ్ చేశాయి. ఆ సంఖ్యను కూడా ఉన్నదున్నట్టు నమ్మకండి. గ్రేడు పెరుగుతుందన్న ఆశతో ఒకే నాణేన్ని డబ్బా పగలగొట్టి మళ్ళీ మళ్ళీ పంపేవాళ్ళుంటారు. పాత లేబుళ్ళు వెనక్కి పంపకపోతే ప్రతిసారీ కొత్త నాణెంగానే లెక్కలోకి ఎక్కుతుంది.

5. అమ్ముడైన ధరలు సేకరించండి

ఈబేలో మీ నాణెం పూర్తి పేరు కొట్టి, "సోల్డ్" ఫిల్టర్ పెట్టండి. సుమారు 90 రోజుల అమ్మకాలు కనిపిస్తాయి. కనీసం పదిహేను రాసుకోండి: తేదీ, ధర, పోస్టేజీ, వేలమా నిర్ణీత ధరా, ఆ రోజు వెండి రేటు. చివరి గడి మానేయకండి, 6వ అంచె అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

జాగ్రత్తలు:

- ధర మీద అడ్డగీత ఉండి, "బెస్ట్ ఆఫర్" ఒప్పుకున్నట్టు ఉంటే నిజంగా ఇచ్చింది అంతకంటే తక్కువ. దాన్ని లెక్కలోంచి తీసేయండి. అమ్మకందారు ఖాతా ఉంటే టెరాపీక్ అనే పరికరంలో అసలు మొత్తం చూడొచ్చు.
- పోస్టేజీ కలిపి ఎంత అన్నదే కొన్నవాడి ధర. 60 డాలర్లు, పోస్టేజీ ఉచితం. 54 డాలర్లు, పోస్టేజీ 6. రెండూ ఒకటే.
- రంగు తిరిగినవి, సీఏసీ స్టికర్ ఉన్నవి, పాత తరం ఆకుపచ్చ లేబుల్ స్లాబులు పక్కన పెట్టండి. వాటికి వేరే గడి కావాలి, మొదటి రెంటి సంగతి 7వ అంచెలో చెబుతాను.
- సగటు తీయకండి. ధరలన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పేర్చి నడిమిది తీసుకోండి. ఒక్క పిచ్చి వేలం సగటును చెడగొడుతుంది, నడిమి ధరను చెడగొట్టలేదు.

హెరిటేజ్, గ్రేట్‌కలెక్షన్స్ పాత ధరలు కూడా చూడండి. అక్కడ కనిపించే మొత్తంలో కొన్నవాడు వేలం సంస్థకు కట్టిన అదనపు రుసుము కూడా కలిసే ఉంటుంది. అమ్మినవాడికి అంత రాదు.

6. వెండి పెరిగిందా, గిరాకీ పెరిగిందా విడదీయండి

"నా నాణెం ధర పెరిగింది, సేకర్తలు ఎక్కువయ్యారు" అనే మాటను ఈ లెక్క వేయకుండా నమ్మొద్దు. లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలు ఇవి.

మొదటి రోజు: వెండి ఔన్సు 25 డాలర్లు. తూకం ధర సుమారు 19.30. మీ ఎంఎస్ 63 అమ్ముడైన నడిమి ధర 65. సేకర్తలు ఇచ్చిన అదనం 45.70.

కొన్నాళ్ళకు: వెండి 50 డాలర్లు. తూకం ధర సుమారు 38.70. అమ్ముడైన నడిమి ధర 75. అదనం 36.30.

ధర పది డాలర్లు పెరిగింది. సేకర్తలు ఇచ్చే అదనం తొమ్మిది డాలర్లకు పైగా తగ్గింది. అంటే పెరిగింది వెండి, పడింది గిరాకీ. వెండి వేగంగా ఎగబాకినప్పుడు మామూలు నాణేల్లో జరిగేది ఇదే. సెట్టు నింపుకునే సేకర్త బడ్జెట్ వెండితో పాటు పెరగదు. అదే సమయంలో పెట్టెల్లో ఉన్నవన్నీ అమ్మకానికి వస్తాయి. సరుకు ఎక్కువ, కొనేవాడు నిదానం, అదనం నలుగుతుంది.

వెండి పడినప్పుడు దీనికి తిరగబడిన ఫలితం కనిపిస్తుంది. ధర తగ్గుతుంది, అదనం మాత్రం నిలబడవచ్చు, పెరగనూ వచ్చు. సేకరణ కోసం కొనేవాళ్ళకు నా సలహా: అదనం తక్కువగా ఉన్న రోజుల్లో కొనండి. ఒకవేళ మీ అంచనా తప్పినా, పోగొట్టుకునేది ఆ చిన్న అదనమే. వెండి రేటులో హెచ్చుతగ్గులు ఎలాగూ భరించాల్సిందే.

గ్రేడు పెరిగేకొద్దీ వెండి ప్రభావం తగ్గుతుంది. ఎంఎస్ 62, 63 నాణేలు తూకం వెంటే నడుస్తాయి. ఎంఎస్ 67 దగ్గర వెండి మాట దాదాపు ఎవరూ ఎత్తరు. అందుకని ఈ లెక్క ఒక్కో గ్రేడుకు విడివిడిగా వేయాలి, కలిపి వేస్తే ఏమీ తెలియదు.

ఇక సరుకు ఎంత నిలవ ఉందో చూడండి. నిర్ణీత ధరకు ఇప్పుడు అమ్మకానికి ఉన్నవి ఎన్ని? గత 30 రోజుల్లో నిర్ణీత ధరకే అమ్ముడైనవి ఎన్ని? మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఎన్ని నెలల సరుకు ఉందో వస్తుంది. 60 ఉండి, నెలకు 30 పోతుంటే రెండు నెలల సరుకు. నా కొలత ఇది: నెల లోపు అయితే గట్టి గిరాకీ, రెండు మూడు నెలలైతే సాధారణం, నాలుగు దాటితే మందకొడి. 99 సెంట్లతో మొదలయ్యే వేలాలను ఇందులో కలపొద్దు. అవి ఎంతకో ఒకంతకు అమ్ముడవుతాయి కాబట్టి గిరాకీ గురించి ఏమీ చెప్పవు.

7. గ్రేడుల మధ్య ధర దూకుడు చూడండి, అదనపు గుణాలు వేరు చేయండి

63, 64, 65, 66, 67 గ్రేడులకు నడిమి ధరలు ఒకే వరుసలో రాయండి. 1881-ఎస్ లాంటి నాణేనికి మొదటి మూడు గ్రేడుల మధ్య తేడా చిన్నగా ఉండి, ఎక్కడో ఒకచోట ఒక్కసారి దూకుతుంది. ఆ దూకుడుకు ముందున్న గ్రేడు కొనడం మేలు. దూకుడు పైన ఉన్న గ్రేడు కొంటే, రేపు ఇంకో వెయ్యి నాణేలకు అదే గ్రేడు ఇచ్చినప్పుడు దెబ్బ తగిలేది అక్కడే.

నాణేన్ని ల్యాంప్ కింద వంచి తిప్పండి. మెరుపు చక్రంలా తిరగాలి. తర్వాత చెంప, మెడ ముందున్న ఖాళీ జాగా చూడండి. సంచుల్లో ఒకదాన్నొకటి గీసుకున్న గుర్తులు అక్కడే కొట్టొచ్చినట్టు కనబడతాయి. న్యూ ఆర్లీన్స్ నాణేల్లో చెవి పైన జుట్టు, గద్ద రొమ్ము సరిగా అచ్చుపడనివి చాలా ఉంటాయి. అదే గ్రేడులో అచ్చు బాగా పడినది దొరికితే ముందు పోయేది అదే.

సీఏసీ ఆకుపచ్చ స్టికర్ ఉంటే ఆ గ్రేడుకు నాణెం గట్టిగా తగినదని మూడో పక్షం చెప్పినట్టు. బంగారు రంగు స్టికరైతే ఇంకా పై గ్రేడుకు తగినదని. స్టికర్ ఉన్న నాణేలు కొనడానికి ఆ సంస్థే బిడ్లు పెడుతుంది, అందుకే వాటి గిరాకీ మరింత నిలకడగా ఉంటుంది. మామూలు నాణెం ఎంఎస్ 63 మీద స్టికర్ కోసం పెద్ద అదనం పెట్టడం మాత్రం నాకు సబబుగా అనిపించదు. 65, 66 దగ్గర అర్థముంది.

ఇంద్రధనుస్సు రంగులు తిరిగిన నాణేలకు నడిమి ధర అంటూ ఉండదు. ఇద్దరు పోటీపడితే ఆకాశం, ఒక్కడే వస్తే మామూలు ధర. కొత్తవాళ్ళు వాటి జోలికి పోవద్దు.

8. ఇద్దరు ముగ్గురు డీలర్లను రెండు వైపులా అడగండి

ఈ ఒక్క పని గ్రేషీట్ చందాకు బదులు చేస్తుంది. నాణేల షాపుకు గానీ ప్రదర్శనకు గానీ వెళ్ళండి. జనవరిలో ఫ్లోరిడాలో జరిగే ఫన్ షో, వేసవిలో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ ప్రదర్శన పెద్దవి. అవి దూరమైతే మీ ఊళ్ళో జరిగే చిన్న షో చాలు.

అడగాల్సిన మాట ఇది: "1881-ఎస్, పీసీజీఎస్ ఎంఎస్ 64, ఐదు కావాలంటే ఎంతకు ఇస్తారు? నా దగ్గరే ఐదు ఉంటే ఎంతకు కొంటారు?"

మీ దగ్గర ఒకటే ఉన్నా ఐదని అడగడంలో తప్పు లేదు, ఆ గ్రేడు రేటు తెలుసుకోవాలని నేరుగా చెప్పండి. రెండు రేట్ల మధ్య తేడా చిన్నదైతే సరుకు కదులుతోంది. తేడా పెద్దదైతే, లేదా "కొనడం ఇప్పుడు ఆపేశాం" అంటే, షోకేసులో అప్పటికే నిండుగా ఉన్నాయని అర్థం. మర్యాదగా, రద్దీ లేని వేళ అడగండి. ఉన్నమాట చెప్పే డీలర్లు చాలామందే ఉన్నారు.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. డీలర్ మీ నాణేన్ని అమ్మేదాకా డబ్బు ఇరుక్కుంటుంది, వెండి పడితే నష్టం ఆయనదే. పట్టిక రేటు చిల్లరగా కొనేవాడు ఇచ్చే గరిష్ఠం దగ్గర ఉంటుంది, చాలాసార్లు అంతా రాదు కూడా. ఆ రెంటి మధ్య దూరాన్ని చూసి మోసం అనలేం. తూకం ధర కంటే బాగా తక్కువ చెబితే మాత్రం లేచి వచ్చేయండి.

9. చేతికి ఎంత వస్తుందో కట్టండి

ఈబేలో 100 డాలర్లకు అమ్మారనుకోండి. రుసుము సుమారు 13 శాతం. ఆ శాతం కొన్నవాడు కట్టే అమ్మకపు పన్ను, పోస్టేజీ కలిపిన మొత్తం మీద పడుతుంది కాబట్టి 14 దాకా పోతుంది. బీమాతో పోస్టేజీ మీరే పెట్టుకుంటే ఇంకో 6. చేతికి దాదాపు 80. షాపులో 78 రొక్కం ఇస్తానంటే, నేనైతే షాపుకే ఇస్తాను. వెనక్కి పంపేవాళ్ళు, పార్సిల్ అందలేదనేవాళ్ళ బెడద ఉండదు.

పన్ను మాట: నాణేలు అమెరికా ఆదాయపు పన్నులో "కలెక్టిబుల్స్" కిందికి వస్తాయి. ఏడాదికి మించి ఉంచుకుని లాభానికి అమ్మితే పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా వెళ్ళవచ్చు, షేర్లకున్న రేటు కాదు. కొన్న రసీదు దాచుకోండి. టెక్సస్‌లో నాణేల కొనుగోలుపై అమ్మకపు పన్ను లేదు, మిగతా రాష్ట్రాలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి, మీది చూసుకోండి.

హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చి అమ్ముదామనే ఆలోచన వద్దు. ఈ స్లాబుల విలువ తెలిసిన కొనుగోలుదారులు ఉన్నది అమెరికాలో. ఇక్కడి వెండి దుకాణంలో తూకం ధరే వస్తుంది, సేకర్తల అదనం మొత్తం పోతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

*అడిగే ధరను గిరాకీ అనుకోవడం.* ఈబేలో ఏళ్ళ తరబడి కదలని 400 డాలర్ల లిస్టింగులు ఉంటాయి. అవి అమ్మేవాడి ఆశకే సాక్ష్యం.

*మెరవాలని తోమడం.* ఇంట్లో రా నాణెం ఉంటే చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్ట్ ఏదీ తాకించకండి. మన ఇళ్ళలో వెండి సామాను తోమడం మంచి అలవాటు, నాణేనికి అదే శాపం. ఒక్క రుద్దుతో ఎంఎస్ గ్రేడు పోయి "డీటెయిల్స్" అవుతుంది. మళ్ళీ బాగుచేయలేరు.

*ప్రతి రా నాణేన్నీ గ్రేడింగ్‌కు పంపడం.* గ్రేడింగ్ రుసుము, రానుపోను పోస్టేజీ కలిపితే మామూలు ఎంఎస్ 63కి సేకర్తలు ఇచ్చే అదనం మొత్తం తినేయవచ్చు. 65 పైన వస్తుందన్న నమ్మకం ఉంటేనే పంపండి. ఆ నమ్మకం మీది కాదు, రోజూ మోర్గాన్లు చూసే మనిషిది కావాలి.

*1921 మోర్గాన్‌ను పాతవాటితో కలపడం.* 1910లో పాత మూలాచ్చులు నాశనం చేశారు కాబట్టి 1921కి కొత్తవి చెక్కాల్సి వచ్చింది. బొమ్మ పల్చగా ఉంటుంది. ఫిలడెల్ఫియాలోనే 4 కోట్ల 46 లక్షలకు పైగా ముద్రించారు. కింది గ్రేడుల్లో మోర్గాన్లన్నింటిలో చవకైనది ఇదే. దాని ధరలు మీ 1881-ఎస్ షీటులోకి వస్తే నడిమి ధర కిందికి జారుతుంది.

*లేబుల్‌కు డబ్బు పెట్టడం.* ఫలానా నిధి, ఫలానా సంతకం అని రంగుల లేబుళ్ళు వస్తాయి. టీవీ అమ్మకాల్లో వీటికి మంచి రేటు చెబుతారు. మళ్ళీ అమ్మేటప్పుడు చాలావాటికి లేబుల్ ధర రాదు. రెడ్‌ఫీల్డ్ లాంటి పేరున్న నిధి నుంచి వచ్చి, తొలినాటి హోల్డర్‌లోనే ఉన్న నాణేలకు మాత్రం విడిగా సేకర్తలున్నారు.

మీ లెక్క సరైందో కాదో ఇలా చూసుకోండి

వచ్చే వారం ముగిసే వేలాల్లో మీరు లెక్కగట్టిన రకం నాణేలే పది ఎంచుకోండి. ముందుగానే ఒక్కోదానికి మీ అంచనా రాసి, తేదీ వేసి పెట్టండి. వేలం అయ్యాక అసలు ధర పక్కన రాయండి.

పదింట్లో ఏడెనిమిది పది శాతం తేడాలోపే ఉంటే మీ షీటు నమ్మదగ్గది.

మీ అంచనా ప్రతిసారీ ఎక్కువగా వస్తుంటే, షీటులోకి బెస్ట్ ఆఫర్ ధరలో, స్టికర్ నాణేలో దూరాయి. ప్రతిసారీ తక్కువగా వస్తుంటే, కొన్నవాడి రుసుమో పోస్టేజీయో కలపడం మర్చిపోయారు. ఒకసారి ఎక్కువ, ఒకసారి బాగా తక్కువ అయితే వేర్వేరు సంవత్సరాల నాణేలు కలిసిపోయాయి, 1వ అంచె నుంచి మళ్ళీ చూడండి. అంచనాకు రెండింతలు పలికిన నాణెం ఉంటే దాని ఫొటో తెరిచి చూడండి. రంగో, అద్దం మెరుపో, అరుదైన అచ్చు రకమో కనిపిస్తుంది. మోర్గాన్ అచ్చు రకాలకు వ్యామ్ నంబర్లు ఉంటాయి, వాటి కోసమే వెతికే సేకర్తలున్నారు.

వెండి రేటు పది శాతం అటో ఇటో కదిలినప్పుడు 3, 5, 6 అంచెలు మళ్ళీ చేయండి. మిగతావి ఏడాదికోసారి చాలు. పాత షీటు చెరిపేయకుండా కొత్తది పక్కన మొదలుపెట్టండి. అదనం ఎటు నడుస్తోందో రెండు షీట్లు పక్కపక్కన ఉంటేనే తెలుస్తుంది.